బ్లీడ్ ఫర్ దిస్: బాక్సర్ కథే, నా కళ్లకు మాత్రం ట్రైనర్ సినిమా

ఈ సినిమాలో నన్ను ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన సీన్ రింగ్‌లో లేదు. ఇంటి కింద, పాత సామాన్లు పడేసుకునే బేస్‌మెంట్‌లో ఉంది. తల చుట్టూ లోహపు చట్రం, దాన్ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు నేరుగా పుర్రె ఎముకలోకి దిగి ఉన్నాయి, మెడ విరిగి ఎన్నో రోజులు కాలేదు, అలాంటి మనిషి బెంచి మీద పడుకుని బరువు ఎత్తబోతాడు. ఒకప్పుడు అవలీలగా ఎత్తినది ఇప్పుడు కదలదు. పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, బట్టతల, బానపొట్ట. అతని మొహంలో భయం స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి వెళ్లిపోడు. ఆ రెండో మనిషి కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

‘బ్లీడ్ ఫర్ దిస్’ 2016లో వచ్చింది. అమెరికన్ బాక్సర్ విన్నీ పజియెంజా నిజ జీవిత కథ, రాసి తీసింది బెన్ యంగర్, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో మార్టిన్ స్కోర్సెసీ పేరు కూడా ఉంది. విన్నీగా మైల్స్ టెల్లర్, అతని ట్రైనర్ కెవిన్ రూనీగా ఆరన్ ఎక్‌హార్ట్ వేశారు. ఎక్‌హార్ట్ అంటే గుర్తు రాకపోతే, ‘ది డార్క్ నైట్’లో సగం మొహం కాలిపోయే హార్వీ డెంట్ ఆయనే. ఇందులో చూస్తే మాత్రం గుర్తుపట్టడం కష్టం. సినిమా రెండు గంటలకు కొంచెం తక్కువ. థియేటర్లలో పెద్దగా ఆడలేదు, అప్పట్లో నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు చూడటానికి కారణం మా తమ్ముడు.

వాడికి నాలుగేళ్ల క్రితం బైక్ యాక్సిడెంట్ అయింది. మెడలో ఎముక చిట్లింది. విన్నీకి అయినంత దెబ్బ కాదు, చట్రాలు, స్క్రూలు అవసరం పడలేదు, గట్టి కాలర్ పెట్టుకుని మూడు నెలలు గడిపాడు. కానీ వాడు షటిల్ ప్లేయర్, జిల్లా స్థాయిలో ఆడేవాడు, ప్రాణం అంతా ఆ రాకెట్ మీదే. ఆస్పత్రిలో డాక్టర్ స్కాన్ చూసి, రెండు నిమిషాల్లో, మొహం కూడా ఎత్తకుండా ‘ఇక ఆటలు మర్చిపో’ అనేశాడు. ఎందుకు మర్చిపోవాలో, ఎంతకాలం మర్చిపోవాలో ఏమీ చెప్పలేదు. ఆ రోజు కారిడార్‌లో తమ్ముడి మొహం నేను ఎప్పటికీ మర్చిపోలేను. రెండో నెలలో ఒక రాత్రి నన్ను మేడ మీదికి పిలిచాడు. ‘అక్కా, చేతులకు బలం పోతోంది, చిన్న డంబెల్స్‌తో మొదలుపెడతాను, నువ్వు పక్కన ఉంటే చాలు, అమ్మకి మాత్రం చెప్పకు’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు వాడు. అందుకే ఈ సినిమా కథ తెలిసినప్పుడు, ఇద్దరం కలిసి చూద్దామని నేనే అడిగాను.

కథలోకి వస్తే, విన్నీది రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని క్రాన్‌స్టన్. ఇటాలియన్ కుటుంబం, ఇంటి నిండా జనం, అరుపులు, భోజనాల బల్ల, తండ్రి పెత్తనం. 1987లో గ్రెగ్ హాగెన్‌ను ఓడించి ఐబీఎఫ్ (డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ లాగే ప్రపంచ బెల్ట్‌లు ఇచ్చే బాక్సింగ్ సంస్థ) లైట్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాదే అదే హాగెన్ చేతిలో ఓడి ఆ బెల్ట్ పోగొట్టుకున్నాడు. సినిమా ఇదంతా చూపించదు, నేరుగా 1988 నవంబర్‌లో లాస్ వెగాస్‌లో మొదలవుతుంది. రోజర్ మేవెదర్‌తో పోటీ, ఇప్పటి వాళ్లకు తెలిసిన ఫ్లాయిడ్ మేవెదర్‌కి ఈయన బాబాయి. బరువు చూసే టైమ్ దాటిపోతోంది, అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు, విన్నీ మాత్రం హోటల్ గదిలో ఒళ్లంతా ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని సైకిల్ తొక్కుతున్నాడు, ఆఖరి గ్రాముల నీళ్లు చెమటగా దింపేయాలని. ఆ మొదటి ఐదు నిమిషాల్లోనే బాక్సింగ్ లోపలి సంగతి ఒకటి అర్థమైపోతుంది. రింగ్‌లో తగిలే దెబ్బల కంటే ముందు తక్కెడతో ఒక యుద్ధం ఉంటుంది. 140 పౌండ్లు, అంటే సుమారు 63 కేజీలన్నర, అక్కడికి దిగడానికి ఒంట్లో నీరంతా తీసేసి, ఆ నీరసంతోనే దెబ్బలు తినడానికి వెళ్తాడు. ఓడిపోతాడు, ఒంట్లో నీరు లేక ఆస్పత్రి పాలవుతాడు. అతని వ్యవహారాలు చూసే లూ డూవా, ఇక రిటైర్ అవ్వడమే మంచిదని టీవీలోనే అనేస్తాడు.

అక్కడి నుంచి విన్నీ వెళ్లేది రూనీ దగ్గరికి. ఈ రూనీ గురించి సినిమా కొంచెమే చెప్పి వదిలేసింది, నాకు మాత్రం సినిమా అయ్యాక చదివితే ఇంకా పెద్ద కథలా అనిపించింది, తెలిసి చూస్తే ఎక్‌హార్ట్ నటన రెండింతలు పట్టుకుంటుంది కాబట్టి చెప్తాను. రూనీ కూడా ఒకప్పుడు బాక్సరే. 1982లో అలెక్సిస్ అర్గుయెల్లో చేతిలో రెండో రౌండ్‌లోనే నాకౌట్ అయ్యాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ అనే చిన్న ఊళ్లో కస్ డమాటో దగ్గర నేర్చుకున్నవాడు. మైక్ టైసన్‌ను చేరదీసి పెంచిన గురువు ఆ డమాటోనే. రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని, తల ఒకచోట నిలపకుండా ఆడిస్తూ లోపలికి దూసుకెళ్లే టైసన్ పద్ధతి ఆయన పెట్టిన బడి. 1985లో డమాటో చనిపోయాక ఆ బాధ్యత రూనీ మీద పడింది. 1986లో 20 ఏళ్లకే టైసన్ హెవీవెయిట్ చాంపియన్ అయినప్పుడు కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య బాక్సర్‌ని చూసుకునే రింగ్ మూలలో, ఉన్నది రూనీ. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టినప్పుడు ఉన్నదీ రూనీయే. అదే ఏడాది చివర్లో టైసన్ ఇతన్ని తీసేశాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో టైసన్ మొదటిసారి ఓడినప్పుడు ఆ కార్నర్‌లో రూనీ లేడు.

ఇప్పుడు ఆలోచించండి, లోకంలోనే అందరికంటే భయంకరమైన బాక్సర్‌ని తయారుచేసిన మనిషి, ఒక్క మాటతో బయటికి గెంటేస్తే ఎలా ఉంటాడు. సినిమాలో ఎలా ఉన్నాడంటే, మత్తు దిగని కళ్లతో, ఎవరూ అడగని మనిషిలా జిమ్‌లో పడి ఉంటాడు. తాగుడు మానలేడు. విన్నీని చూసి అతనికేమీ ఉత్సాహం రాదు, ఇంకో ఓడిపోయిన కుర్రాడిని తనకు అంటగట్టారని చిరాకు. ఎక్‌హార్ట్ ఈ పాత్ర కోసం ఒళ్లు పెంచాడు, నెత్తి గొరిగించుకున్నాడు, కానీ అవి కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ నడక చూడండి. ఒకప్పుడు గొప్పగా బతికి ఇప్పుడు సిగ్గుపడుతూ బతికే మగవాళ్లు మన చుట్టాల్లోనూ ఉంటారు, పెళ్లిళ్లలో ఒక మూల కుర్చీలో కూర్చుని ముందుగా భోజనం చేసి వెళ్లిపోతారు. అచ్చం ఆ నడక.

ఆ చిరాకులోనే అతను ఒక పని చేస్తాడు. విన్నీ ఒంటిని చూస్తాడు, నిజంగా చూస్తాడు. ఇన్నాళ్లూ అందరూ ఈ కుర్రాడిని కిందికి లాగి 140లో ఇరికించారు, వాడి ఒళ్లు ఆ బరువుది కాదు, రెండు మెట్లు పైకి, 154 పౌండ్లకి, అంటే దాదాపు 70 కేజీలకి వెళ్దాం అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లకు ఇది పిచ్చిగా ఉంటుంది, పైకి వెళ్తే ఎదురయ్యేవాళ్లు పెద్ద ఒళ్లవాళ్లు, వాళ్ల దెబ్బ కూడా పెద్దది. రూనీ లెక్క వేరు, తిండి తిని నీళ్లు తాగి రింగెక్కిన విన్నీ వేరే మనిషి అని. ఆ లెక్క నిజమైంది. 1991 అక్టోబర్ 1న, సొంత రాష్ట్రంలోనే, ప్రావిడెన్స్‌లో, ఫ్రాన్స్‌కి చెందిన గిల్బర్ట్ డెలేను చివరిదైన 12వ రౌండ్‌లో ఫైట్ ఆపేసేంతగా కొట్టి డబ్ల్యూబీఏ జూనియర్ మిడిల్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. సినిమా చూస్తే మేవెదర్ చేతిలో ఓడగానే ఇదంతా వరుసగా జరిగిపోయినట్టు ఉంటుంది. నిజానికి మధ్యలో దాదాపు మూడేళ్లు ఉన్నాయి. 1990లో హెక్టర్ కమాచో చేతిలో, తర్వాత లోరెటో గార్జా చేతిలో కూడా ఓడాడు. అవి చూపించి ఉంటే, ఆ బెల్ట్ కోసం ఎన్నిసార్లు కిందపడ్డాడో తెలిసేది.

డెలే ఫైట్ జరిగిన సరిగ్గా ఆరు వారాలకు, నవంబర్ 12న, స్నేహితుడు నడుపుతున్న కారులో వెళ్తుంటే యాక్సిడెంట్. దాన్ని యంగర్ తీసిన తీరు నాకు నచ్చింది, ముందుగా భయపెట్టే మ్యూజిక్ పెట్టి మనల్ని సిద్ధం చేయడు. మామూలుగా మాట్లాడుకుంటూ వెళ్తుంటారు, అంతే. మా తమ్ముడు ఆ ఒక్క క్షణం దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లయిందో.

తర్వాత ఆస్పత్రి. ఇక్కడ సినిమా వైద్యం విషయంలో కూడా కాస్త ఓపిగ్గా చెప్పింది. మెడ ఎముకలు విరిగాయి, విరిగిన ముక్క కాస్త జరిగి వెన్నుపాముని నొక్కితే కాళ్లు చేతులు పడిపోతాయి. ఎముకల్ని కలిపి బిగించే ఆపరేషన్ చేయించుకుంటే నడుస్తావు, కానీ మెడ మునుపటిలా తిరగదు, బాక్సింగ్ అన్నమాటే మర్చిపో అంటారు. విన్నీ ఆపరేషన్ వద్దని ఇంకో దారి ఎంచుకుంటాడు. దాన్ని హేలో అంటారు, తల చుట్టూ వలయం, నాలుగు స్క్రూలు, అక్కడి నుంచి కడ్డీలు భుజాల మీది గట్టి జాకెట్‌కి, మెడ ఒక్క వెంట్రుక వాసి కూడా కదలకుండా, ఎముక తనంతట తానే అతుక్కునే దాకా. అసలు విన్నీ దాన్ని మూడు నెలలు మోశాడు. పడుకోవడం లేదు, పక్కకి తిరగడం లేదు, కారు ఎక్కుతుంటే కడ్డీ తగిలితే ప్రాణం పోయినంత నొప్పి. కాలర్‌తోనే మా తమ్ముడు రాత్రుళ్లు గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్చేవాడు. ఈ సీన్లు చూస్తూ వాడు ‘ఇది కరెక్ట్‌గా తీశాడక్కా’ అన్నాడు. నాకు విమర్శకుల రేటింగుల కంటే అది ఎక్కువ.

ఆ స్థితిలో విన్నీ ట్రైనింగ్ మొదలుపెడతానంటాడు. రూనీ మొదట వద్దంటాడు. ఇక్కడే నేను సినిమాకి పూర్తిగా లొంగిపోయాను. ఎందుకంటే ఒప్పుకునే మనిషి ఒప్పుకునే ముందు ఏం కోల్పోతాడో ఎక్‌హార్ట్ మొహంలో ఉంది. వీడికి ఏదైనా అయితే తల్లిదండ్రుల మొహం చూడలేడు. టైసన్‌తో పోయిన పరువు ఒక ఎత్తు, ఈ కుర్రాడిని మంచాన పడేస్తే మిగిలిన బతుకంతా ఒక ఎత్తు. అయినా చివరికి ఆ బేస్‌మెంట్‌లోకి దిగుతాడు. నేను ఆలోచిస్తూ ఉన్నాను, ఎందుకు దిగాడు అని. రూనీ దిగకపోయినా విన్నీ ఒక్కడే చేస్తాడు, అది అతనికి తెలుసు. ఆ రాత్రి మేడ మీద నాకు ఈ సంగతి తట్టలేదు. నేను వద్దన్నాక తమ్ముడు ఒంటరిగా చేశాడని తర్వాత ఎప్పుడో తెలిసింది, ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. అయినా ఇప్పటికీ నేను చెప్పింది తప్పని అనుకోను. డాక్టర్ వద్దన్నప్పుడు మెడతో ఆడుకోకూడదు, ఈ సినిమా చూసి ఎవరూ ఆ పని చేయొద్దు, ఎముక అతుక్కోవడం అదృష్టం మీద ఆధారపడి ఉండకూడదు. నేను వద్దన్న మాట సరైనదే, వద్దని చెప్పి కిందికి దిగి వెళ్లిపోవడం సరైనది కాదు. ఇంకో మంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఉండాల్సింది. తర్వాత తీసుకెళ్లాను, ఆలస్యంగా.

తల్లిదండ్రుల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తండ్రి ఆంజెలోగా కియరన్ హైండ్స్, మెరిసే చొక్కాలు, గొలుసులు, నోటి నిండా మాటలు. కొడుకుని బాక్సింగ్‌లోకి తోసింది తనే, ప్రతి ఫైట్‌కీ కార్నర్‌లో నిలబడేది తనే, యాక్సిడెంట్ తర్వాత ఆ గొంతు ఒక్కసారిగా తగ్గిపోతుంది. కొడుకు మళ్లీ మొదలుపెట్టాడని తెలిసినప్పుడు రూనీ మీద చూపించే కోపం నిజానికి తన మీద తనకున్న కోపం. తల్లి లూయిస్‌గా కేటీ సెగల్ వేసింది, ఆమె కొడుకు ఫైట్ ఒక్కటీ చూడదు. అందరూ టీవీ ముందు కూర్చుని అరుస్తుంటే ఆమె పక్క గదిలో కొవ్వొత్తులు వెలిగించుకుని, దేవుడి పటాల ముందు, సిగరెట్ పొగలో కూర్చుంటుంది. గోడ అవతలి నుంచి వచ్చే అరుపుల్ని బట్టి కొడుకు గెలుస్తున్నాడో ఓడుతున్నాడో తెలుసుకుంటుంది. తమ్ముడి స్కాన్ రోజున మా అమ్మ ఆస్పత్రికి రానంది, ఇంట్లో దీపం దగ్గర కూర్చుని హనుమాన్ చాలీసా చదువుతూ ఉంది, ఫోన్ మోగినా ఎత్తలేదు. మతం వేరు, దేశం వేరు, ఆ గది మాత్రం నాకు బాగా తెలిసిన గది.

ఇక నాకు నచ్చనిది. చివరి ఫైట్. సినిమాలో విన్నీ తిరిగి వచ్చేది రాబర్టో డ్యురాన్ మీదికి, పనామాకి చెందిన ఆ మహా బాక్సర్ మీదికి. నిజంగా జరిగింది అది కాదు. యాక్సిడెంట్ తర్వాత విన్నీ మొదటి ఫైట్ 1992 డిసెంబర్‌లో, కనెక్టికట్‌లోని ఫాక్స్‌వుడ్స్ కాసినోలో, లూయిస్ సంటానా మీద, 10 రౌండ్లు, పాయింట్ల మీద గెలిచాడు. డ్యురాన్‌తో ఫైట్ 1994 జూన్‌లో, అప్పటికి డ్యురాన్‌కి 43 ఏళ్లు. విన్నీ అతని మీద గెలిచిన మాట నిజమే, 1995లో ఇంకోసారి కూడా గెలిచాడు. కానీ మెడ విరిగిన 13 నెలలకు డ్యురాన్‌ని ఎదుర్కోవడం వేరు, మధ్యలో ఇంకొన్ని ఫైట్లు ఆడి వెళ్లడం వేరు. పేరున్న ప్రత్యర్థి కావాలని, పోస్టర్ మీద బాగుండాలని చేసిన మార్పు ఇది, అది నాకు అర్థమవుతుంది, బాధ కూడా కలుగుతుంది. సంటానా ఏమైనా సామాన్యుడా, తర్వాత రెండేళ్లకు అతనే డబ్ల్యూబీసీ చాంపియన్ అయ్యాడు. ఆలోచించండి, పెద్ద పేరు లేని ప్రత్యర్థి, ఒక కాసినో హాలు, మొదటి రౌండ్‌లో మొదటి దెబ్బ తల మీద పడినప్పుడు మెడ నిలుస్తుందో లేదో లోకంలో ఎవరికీ తెలియదు, కార్నర్‌లో ఉన్నవాడికి కూడా. ఆ ఒక్క దెబ్బ మీదే పావుగంట సినిమా తీయొచ్చు. నిజంలో అంత టెన్షన్ ఉండగా దాన్ని వదులుకుని బెల్ట్ వెనక పడ్డారు.

ఫైట్లు తీసిన విధానం మాత్రం బాగుంది. మేవెదర్‌గా పీటర్ క్విలిన్, డ్యురాన్‌గా ఎడ్విన్ రోడ్రిగెజ్, ఇద్దరూ అసలు బాక్సర్లే, అందుకే ఎదురుగా ఉన్నవాడి కాళ్ల కదలిక, భుజం తిప్పే తీరు అబద్ధం చెప్పవు. మన సినిమాల్లో బాక్సింగ్ అంటే ప్రతి పంచ్ స్లో మోషన్‌లో, చెమట చుక్కలు గాల్లో ఎగురుతూ ఉంటాయి కదా, ఇక్కడ అలా ఉండదు. దెబ్బ తగిలి వెళ్లిపోతుంది, తగిలిందని రెండు క్షణాల తర్వాత మొహం చూస్తే తెలుస్తుంది. మైల్స్ టెల్లర్ ఒళ్లు నెలల తరబడి సాధన చేస్తే వచ్చిన ఒళ్లు. అతను కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు ఘోరమైన కారు ప్రమాదం నుంచి బయటపడ్డవాడే, మొహం మీద ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. విన్నీలోని పొగరు, జూదం, అమ్మాయిల పిచ్చి, అన్నీ దాచకుండా చూపించాడు, మొదటి అరగంట ఆ మనిషి మీద నాకు ఇష్టం కలగలేదు, కలగాల్సిన అవసరం లేదని డైరెక్టర్ కూడా అనుకున్నట్టున్నాడు. ఆడవాళ్ల పాత్రలు మాత్రం తల్లిని తప్పిస్తే నామమాత్రమే, వస్తారు పోతారు.

దెబ్బ తగిలి తిరిగి వచ్చిన బాక్సర్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది నిజామాబాద్ నిఖత్ జరీన్. 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది రింగ్‌కి దూరమైంది, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయి వచ్చింది, మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది. గెలిచిన రోజు ఫొటోలు అందరం చూశాం. గాయంతో ఇంట్లో ఉన్న ఏడాదిలో ఒక మామూలు మంగళవారం సాయంత్రం పక్కన ఎవరు కూర్చున్నారు అన్నది ఏ ఫొటోలోనూ ఉండదు. ఈ సినిమా చూశాక నా ఆలోచన అటే పోతోంది.

స్క్రూలు తీసే సీన్ గురించి ముందే చెప్తున్నాను, గుండె చిక్కబట్టుకోండి. మత్తు వద్దంటాడు విన్నీ. ఒక్కొక్కటీ తిప్పి తీస్తుంటే వచ్చే ఆ చప్పుడు నాకు రెండు రోజులు చెవిలో ఉంది. తమ్ముడు అక్కడ సినిమా ఆపేసి, మంచినీళ్లు తాగి వచ్చి, మళ్లీ పెట్టాడు. పిల్లలతో చూసే సినిమా కాదు, బూతులు ఉన్నాయి, మొదట్లో బట్టలు లేని సీన్లు ఉన్నాయి.

చివర్లో ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. విలేకరి విన్నీని అడుగుతుంది, నీకు చెప్పిన అబద్ధాల్లో అన్నిటికంటే పెద్దది ఏది అని. ‘అది అంత సులువు కాదు’ అనడమే పెద్ద అబద్ధం అంటాడు, నిజానికి సులువే, చేయలేవు అన్నది చేసేయడమే అంటాడు. చాలామందికి ఆ మాట నచ్చుతుంది, వాట్సాప్ స్టేటస్‌లకు పనికొచ్చే మాట. నేను మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే అప్పటి దాకా సినిమా చూపించింది దానికి వ్యతిరేకం. సులువు కాదు. ఆ బేస్‌మెంట్‌లో బార్ కింద చేతులు పెట్టి, ముట్టుకోకుండా, వదలకుండా, ఎప్పుడు పట్టుకోవాలో తెలియక నిలబడ్డ రూనీని అడిగితే తెలుస్తుంది. విన్నీకి తెలిసింది తన నొప్పి ఒక్కటే. రూనీ రెండు మోశాడు, వీడి నొప్పి, తన భయం. డైరెక్టర్ చివరి మాట బాక్సర్‌కి ఇచ్చాడు, నేనైతే ట్రైనర్ మొహం మీద ఆపేదాన్ని.

బాక్సింగ్ ఇష్టం లేకపోయినా చూడొచ్చు, రింగ్‌లో గడిచే టైమ్ తక్కువే. బాక్సింగ్ బాగా తెలిసినవాళ్లు డ్యురాన్ విషయంలో నాలాగే నొచ్చుకుంటారు, అయినా రూనీ కోసం చూడండి. ఇంట్లో ఎవరైనా మంచాన పడి లేచినవాళ్లు ఉంటే, వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే కలిసి చూడండి.

సినిమా అయ్యాక తమ్ముడు రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. స్క్రూల సీన్‌కో, చివరి ఫైట్‌కో పోతాడనుకున్నాను. బేస్‌మెంట్ సీన్ దగ్గర ఆపి, మొత్తం మళ్లీ చూశాడు, నేనూ చూశాను, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు వాడు ఆదివారాలు డబుల్స్ ఆడుతున్నాడు, రెండో డాక్టర్ చూసి సరేనన్నాకే. పై నుంచి వచ్చే షటిల్‌కి తల పూర్తిగా వెనక్కి వంచలేడు, అది పార్ట్‌నర్‌కి వదిలేస్తాడు. మొన్న ఆదివారం నన్ను కూడా రమ్మన్నాడు. ‘వచ్చి ఏం చేయాలిరా’ అంటే ‘ఏం చేయొద్దు, కోర్టు పక్కన కూర్చో’ అన్నాడు. వెళ్లాను.